పూర్ణిమ టీచర్ నాలుగో ప్రశ్న

పూర్ణిమ టీచర్ చదువంతా ఒక పసుపుపచ్చ కవర్లో ఉండేది. ఆ కవరు శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు బడి ఆఫీసు గదిలో, కరస్పాండెంటు నవీన్‌కుమార్ కుర్చీ వెనకాల, ఇనుప బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి ఆయన జేబులో, కారు తాళాల గుత్తిలోనే ఉండేది.

కవర్లో ఉన్నవి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ పట్టా, బీఈడీ పట్టా. అన్నీ ఒరిజినళ్లు. ప్రైవేటు బళ్లలో పనిచేసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్పుకోవాలంటే, ఉద్యోగంలో చేరిన రోజునే ఒరిజినల్ సర్టిఫికెట్లు పుచ్చుకుని బీరువాలో పెట్టేస్తారు. ఏడాది మధ్యలో టీచరు ఇంకో బడికి పోకుండా ఇదొక ఏర్పాటు. మంద వదిలిపోయే ఆవు మెడకు గుదికొయ్య కట్టినట్టన్నమాట. అడిగితే, మా దగ్గర భద్రంగా ఉంటాయి అంటారు. భద్రంగానే ఉంటాయి, ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాదే, 2008 జూన్‌లో, పూర్ణిమ ఆ బడిలో సోషల్ టీచరుగా చేరింది. "చూసుకోని రెండ్రోజుల్ల ఇస్తం టీచర్" అన్నాడు నవీన్‌కుమార్. నాలుగేళ్లు దాటినా ఆ రెండు రోజులు గడవలేదు.

ఆమె కొత్తూరు దగ్గరి పల్లెలో గొర్లు కాసే కుర్మయ్య బిడ్డ. కుర్మయ్యకు అక్షరం ముక్క రాదు. కానీ బిడ్డ సర్టిఫికెట్లను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వానకు తడవకుండా, ఎలుకలు కొట్టకుండా బియ్యం డబ్బాలో దాచేవాడు. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించేవాడు. తలకిందులుగా పట్టుకుని చూపించినా ఆయన సంబరానికేం తక్కువ ఉండేది కాదు. అలాంటి కాగితాలను పూర్ణిమ ఒక రసీదైనా అడగకుండా ఇచ్చేసి వచ్చింది. "నీ కాయితాలు ఏడున్నయి బిడ్డా?" అని బాపు అడిగినప్పుడల్లా, "భద్రంగున్నయి బాపు" అనేది. అలా అన్న ప్రతిసారీ నవీన్‌కుమార్ మాట తన నోట్లోంచి వస్తున్నట్టుండేది.

ఇక ఆ బడి సంగతి. ప్లాట్లు అమ్మి నాలుగు డబ్బులు చూసిన నవీన్‌కుమార్‌కు రోడ్డు పక్కన జాగా కనిపించింది గానీ, దాని నెత్తిమీది ఆకాశం కనిపించలేదు. మూడంతస్తులు లేపి, రంగులేసి, పిల్లల్ని చేర్చుకున్నాక తెలిసింది, విమానాలు దిగే దారి సరిగ్గా దాని మీదుగానే పోతుందని. విమానం వచ్చిందంటే కిటికీ అద్దాలు గలగలలాడేవి. టీచరు నోరు కదిలేది, మాట వినబడేది కాదు. లెక్కల సారు విమానంతో పోటీపడి అరిచి అరిచి రోజూ మిరియాల పాలు తాగేవాడు. తెలుగు టీచరు పద్యాన్ని మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేది. పూర్ణిమ మాత్రం మొదటి ఏడు గొంతు పోగొట్టుకుని, రెండో ఏడు విమానంతో రాజీ పడింది.

విమానానికీ విమానానికీ మధ్య ఒక్క వాక్యం. అది చదివి ఆగాలి. విమానం పోయేదాకా పిల్లలు ఆ వాక్యాన్నే బుర్రలో తిప్పుకుంటూ కూర్చోవాలి. రాజీ అన్నా ఇది మొదట్లో దిక్కుతోచక చేసిన పనే తప్ప గొప్ప ఆలోచనేం కాదు. అప్పటిదాకా ఆమె కూడా అందరిలాగే చెప్పేది. కారణాలు, ఫలితాలు, గైడులో గీత గీసి ఇచ్చిన జవాబు, రాత్రికి బట్టీ, పొద్దున అప్పజెప్పడం.

మూడో ఏడు ఒకరోజు, ఎనిమిదో తరగతిలో, పాఠ్యపుస్తకంలో రెండు ముక్కల్లో తేల్చేసిన విక్టోరియా రాణి ప్రకటనను జిరాక్స్ తీయించి తెచ్చింది. పద్దెనిమిది వందల యాభై ఏడులో సిపాయిలు తిరగబడ్డ మరుసటి ఏడు, ఈ దేశ ప్రజలను ఉద్దేశించి రాణి పేర వెలువడిన కాగితం అది. తిరగబడ్డవాళ్లను క్షమిస్తాము, మీ మతాల జోలికి రాము, మిమ్మల్నీ మా మిగతా ప్రజలతో సమానంగా చూస్తాము అని ఉంటుంది అందులో. పూర్ణిమ ఒక వాక్యం చదివింది. విమానం వచ్చింది. అది పోయాక, వెనక బెంచీ నుంచి సంతోషి అనే పిల్ల లేచింది.

"టీచర్, రాణి గింత తియ్యగ ఎందుకు మాట్లాడుతున్నది?"

గైడులో ఆ ప్రశ్నే లేదు. పూర్ణిమ చేతిలోని జిరాక్స్ కాగితాన్ని మళ్లీ చూసుకుంది. నిజమే, ఎందుకు?

"నువ్వే చెప్పు" అంది.

"మా తాత గూడ గంతే టీచర్. పొద్దున మా అవ్వను కొట్టిండంటే మాపటికి మల్లెపూలు తెస్తడు."

తరగతంతా గొల్లుమంది. పూర్ణిమ కూడా నవ్వింది. కానీ ఆ పూట ఇంటికి పోతూ ఆటోలో అదే ఆలోచన. ఆ పిల్ల మాట సరసానికి అన్నది కాదు. అది చరిత్ర చదవడం. తను బీఈడీలో కూడా అంత సూటిగా చదవలేదు.

మర్నాడు బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాసింది. మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితో? వాళ్ల దగ్గర ఏం కోరి? చెప్పకుండా దాటేసింది ఏమిటి? ఏ పాత కాగితం చేతికొచ్చినా ఈ నాలుగే అడగమంది. "ఇది నిజమా అబద్ధమా అని తొందరపడొద్దు. వినేటోళ్లను అది ఎటు దిక్కు నూకుతున్నదో ముందు చూడుర్రి. ఏ మాటను పెద్దగ చేసిర్రు, ఏ మాటను మింగిర్రు, అది పట్టుకోండ్రి" అని చెప్పింది.

విమానం మోత మధ్యలో జవాబు తట్టిన పిల్లలు ఆగలేకపోయేవాళ్లు. అరిచినా వినబడదు గనక వేళ్లు చూపించడం మొదలుపెట్టారు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే ఒక వేలు, రెండోదానికి రెండు. నాలుగో ప్రశ్నే అన్నిటికంటే కష్టం, కాగితంలో లేనిదాన్ని కాగితంలోంచి తీయాలి కదా. అందుకే నాలుగు వేళ్లు లేచాయంటే పూర్ణిమ ప్రాణం లేచొచ్చేది. రాణి ప్రకటనకు నాలుగు వేళ్లు మొదట ఎత్తింది కూడా సంతోషే. విమానం పోయాక అంది, "క్షమిస్తమంటున్నది గని, పోయినేడు ఉరి తీసినోళ్ల పేరు ఒక్కటి గూడ ఎత్తలే టీచర్."

జీతం చాలని ఆ బడిలో, చెమటలు పట్టే ఆ గదిలో, పూర్ణిమకు ఊపిరాడేది ఆ ఒక్క పీరియడ్‌లోనే. మిగతా పొద్దంతా బీరువా వైపు చూస్తూ బతకడమే. మంచి బడి నుంచి రెండుసార్లు పిలుపొచ్చింది, ఒరిజినళ్లు తెమ్మన్నారు. రెండుసార్లూ అడగబోయి, నవీన్‌కుమార్ నవ్వు చూసి తిరిగొచ్చింది. "ఏడికి పోతవు టీచర్, ఇది నీ ఇల్లసుంటిది" అనేవాడాయన. ఇల్లే. కాకపోతే బయటినుంచి గొళ్లెం పెట్టిన ఇల్లు.

2012లో డీఎస్సీ పడింది. పూర్ణిమ రాసింది. ఆమె భర్త చందు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ప్యాసింజర్ కోసం ఎదురుచూసే గంటల్లో భార్య పుస్తకం ముందుపెట్టుకుని, ఫోన్లో ఆమెను ప్రశ్నలడిగేవాడు. ఇంగ్లీషు పేర్లు పలకలేక నానా తిప్పలు పడేవాడు. చలికాలం మొదట్లో సెలెక్షన్ లిస్టు వచ్చింది. అందులో పూర్ణిమ పేరుంది. సర్కారు బడి, సర్కారు కొలువు. గురువారం నాడు ఒరిజినళ్లతో వెరిఫికేషన్‌కు రావాలి. ఒరిజినల్ చూపించలేకపోతే ఆ పోస్టు లిస్టులో తర్వాతివాళ్లకు పోతుంది.

ముందటి శుక్రవారం ధైర్యం కూడగట్టుకుని అడిగింది. నవీన్‌కుమార్ ఆశ్చర్యంగా మంచి మాటే అన్నాడు. "సర్కారు కొలువంటే మాకూ ఇజ్జతే కద టీచర్. సోమవారం తీస్కపో." ఆమె ఆ రెండు రోజులూ గాల్లో నడిచింది.

శనివారం తల్లిదండ్రుల మీటింగు. ఆ రోజు గోడలకు పిల్లల చార్టులు అంటించాలి. పూర్ణిమ పదో తరగతికి ముందే పని చెప్పింది, ఇంట్లో ఉన్న ఏదైనా పాత కాగితం తెచ్చి నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాయమని. ఎక్కువమంది పాత పెళ్లిపత్రికలు తెచ్చారు. రాజుల శాసనాలు మన ఇళ్లలో ఎందుకుంటాయి, ఉండేవి అవే మరి. ఒక పత్రికలో మేనమామల పేర్లూ పెదనాన్నల పేర్లూ బారెడున్నాయి, పెళ్లికూతురి తల్లి పేరు మాత్రం లేదు. ఇంకో పత్రిక మీద అచ్చైన ఊరు ఇప్పుడు రన్‌వే కింద ఉంది. "రండి, మా ఇంటికి విచ్చేసి ఆశీర్వదించండి" అని ఆ ఊరు ఇంకా పిలుస్తూనే ఉంది. ఆ చార్టు అంటిస్తూ పూర్ణిమ కళ్లు తుడుచుకుంది.

సంతోషి దగ్గర పాత కాగితమే లేదు. వాళ్ల ఊరు విమానాశ్రయం కిందికి పోయినప్పుడు సామాన్లన్నీ ట్రాక్టర్లో వేసుకొస్తుంటే, కాగితాల పెట్టె దారిలో ఎక్కడో జారిపోయిందట. "మా ఇంట్ల ఏం లెవ్వు టీచర్. గేటు మీదున్న ఫ్లెక్సీ రోజు చూస్తున్న, దాని మీద రాసిన" అని చార్టు చేతికిచ్చింది.

అది నవీన్‌కుమార్ ఫ్లెక్సీ. వచ్చే పంచాయతీ ఎన్నికల మీద ఆయనకు కన్నుంది. నిలువెత్తు ఫొటో, నమస్కారం పెట్టిన చేతులు, కింద "పేదల పెన్నిధి, విద్యాదాత నవీన్ అన్నకు పండుగ శుభాకాంక్షలు, మీ అభిమానులు." సంతోషి రాసిన జవాబులు ఇలా ఉన్నాయి. మాట్లాడుతున్నది అభిమానులు కాదు, సారే. ఎవరితో అంటే ఓటున్న పెద్దవాళ్లతో, ఎందుకంటే పిల్లల కళ్లకు అందే ఎత్తులో అది లేదు. కోరేది సర్పంచి పదవి. చెప్పకుండా దాటేసింది, ఫీజు కట్టలేదని పరీక్ష రోజు వరండాలో నిలబెట్టిన పిల్లల సంగతి.

ఆ వరండాలో నిలబడ్డవాళ్లలో సంతోషి ఒకతె. సర్కారు బడిలో వేద్దామని వాళ్ల నాయన టీసీ అడిగితే, ఫీజు కట్టేదాకా టీసీ లేదన్నారు. కట్టలేడు, పోలేదు. పూర్ణిమకు ఇదంతా తెలుసు. చార్టు చదవగానే ఎక్కడో మూల పెట్టేద్దామనుకుంది. కానీ నాలుగేళ్లలో ఏ పిల్లా అంత బాగా రాయలేదు. దాన్ని దాచెయ్యడానికి మనసొప్పలేదు. అయినా పేరెంట్స్ మీటింగుల్లో చార్టులు చదివినవాళ్లు ఎక్కడున్నారు, మార్కులు చూసుకుని పోతారు అనుకుని, తలుపు వెనక గోడకు అంటించింది.

చదివినవాడు ఒక్కడు దొరికాడు. అతగాడు కూడా సర్పంచి పదవికే నిలబడదామనుకుంటున్న మనిషి. సెల్‌ఫోన్లో ఫొటో కొట్టుకుపోయాడు. సాయంత్రానికల్లా అది శంషాబాద్ చాయ్ హోటళ్లన్నీ తిరిగింది.

సోమవారం పొద్దున్నే ఆఫీసు గదికి పిలుపొచ్చింది. నవీన్‌కుమార్ అరవలేదు. అరిచినా బాగుండేది. చిన్నబుచ్చుకున్న మొహంతో కూర్చుని ఉన్నాడు.

"నేనేమన్న దొంగనా టీచర్? ఫీజు అడగకుంటే మీ జీతాలు ఏడికెల్లి ఇయ్యాలె? బ్యాంకోడు నన్ను వరండాల నిలబెడ్తలేడా?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. "చిన్నపిల్ల సార్. నేనే అంటించిన. తప్పు నాదే" అంది పూర్ణిమ.

"గదే అందరి ముందట చెప్పుర్రి." టైపు చేయించిన కాగితం ముందుకు జరిపాడు. "రేపు ప్రేయర్ల మైక్‌ల చదువుర్రి. కొంతమంది పేరెంట్స్‌ను గూడ పిలుస్తున్న. చదివినంక మీ కవరు మీకిస్త. ఇంకో మాట. మీరు పోతున్నట్టు పిల్లలకు చెప్పొద్దు. నడుమిట్ల సోషల్ టీచర్ పోయిందంటే పదో తరగతి పేరెంట్స్ లొల్లి చేస్తరు."

"చదవకుంటే?"

"పరీక్షలైనంక ఇస్త. మార్చి ఎన్నో దినాలు లేదు." అని బీరువా వైపు కూడా చూడకుండా ఫోన్ ఎత్తాడు.

ఆ సాయంత్రం చందు ఇంటికి వచ్చేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి మాత్రం వెలిగించలేదు. సంగతంతా చెప్పింది. కాగితం చూపించింది.

"పోలీస్ స్టేషన్‌కు పోదామా?" అన్నాడు చందు.

"పోతే రేపు కేసు, ఎల్లుండి విచారణ. గురువారం ఆగదు. కాయితాలు పోయినయని డూప్లికేట్లకు పెడితే నెలలు పడ్తది. అన్ని దిక్కుల సోంచాయించిన. ఏడ సందు లేదు."

చందు మెల్లగా అన్నాడు. "నేను రోజు ఎన్ని సార్లు సారీ చెప్తనో ఎరికేనా నీకు? ట్రాఫిక్ జామైతే సారీ సార్. ఫ్లైటు లేటైతే సారీ మేడమ్. నాదా తప్పు? నోటితోని అంట, మనసుతోని అన. ఒక్క కాయితం సదివితే నీదేం పోతది పూర్ణా?"

"నాకు సదువుడుకు భయం లేదు." ఆమె కాగితం మడిచింది. "వాళ్లు వినుడుకు భయం. ఎట్ల వినాలెనో వాళ్లకు నేనే నేర్పిన గద."

చందు తనే లేచి పొయ్యి వెలిగించి అన్నం పెట్టాడు.

మంగళవారం ఎండ బాగా కాసింది. పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. పక్కన కుర్చీల్లో పదిహేనుమంది దాకా తల్లిదండ్రులు. నవీన్‌కుమార్ తెల్లచొక్కా వేసుకుని మైకు పక్కన నిలబడ్డాడు. సంతోషి చార్టును పూర్ణిమ పొద్దున్నే తన చేత్తో పీకి నాలుగు మడతలు పెట్టి ఆఫీసులో ఇచ్చింది, అది కూడా షరతుల్లో ఒకటి.

ఆమెకు ఒకే ఒక ఆశ ఉంది. ఆ వేళప్పుడు ప్రేయర్ మధ్యలో ఒక విమానం వస్తుంది. వందేమాతరాన్ని సగంలో మింగేస్తుందని పీఈటీ సారు రోజూ దాన్ని తిట్టుకుంటాడు. అది గనక సమయానికి వస్తే కాగితంలోని ఆఖరి మాటలు దాని మోతలో కలిసిపోతాయి. ఆమె చదివినట్టూ ఉంటుంది, పిల్లలు విననట్టూ ఉంటుంది. నాలుగేళ్లు తన పాఠానికి అడ్డుపడ్డ విమానం ఈ ఒక్క పూట సాయం చేస్తే చాలనుకుంది.

మైకు అందుకుంది. మెల్లగా మొదలుపెట్టింది.

"నేను, పూర్ణిమ, సోషల్ టీచరును, సిలబస్‌లో లేని విషయాలు బోధించి విద్యార్థులను తప్పుదారి పట్టించాను."

ఆగింది. ఆకాశం ఖాళీగా ఉంది.

"పాఠశాల యాజమాన్యం నన్ను ఎల్లప్పుడూ కుటుంబ సభ్యురాలిగా ఆదరించింది."

ఇంకా ఖాళీగానే ఉంది. గొంతు సవరించుకుంది. కాగితం సర్దుకుంది. నవీన్‌కుమార్ వాచీ చూసుకున్నాడు. ఇక తప్పలేదు.

"ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత ఇష్టంతో ఈ క్షమాపణ చెప్పుకుంటున్నాను."

ప్రతి అక్షరం ఖంగుమని వినబడింది. గోడకు తగిలి ఇంకోసారి కూడా వినబడింది. అప్పుడొచ్చింది విమానం.

బడిని ఊపుతూ, అద్దాలు గలగలలాడిస్తూ నెత్తిమీదికి వచ్చింది. ఒక వాక్యం మిగిలే ఉంది, పూర్ణిమ అలవాటు కొద్దీ ఆగిపోయింది. ఆగాక గాని తెలియలేదు తను చేసిందేమిటో. వాక్యం చదివింది, ఆగింది. విమానం పోయేదాకా ఆ వాక్యాన్నే బుర్రలో తిప్పుకోమని ఆ పిల్లలకు మూడేళ్లుగా చెప్పింది.

పదో తరగతి వరుస వైపు చూడకూడదనుకుంది. చూసింది.

సంతోషి చెయ్యెత్తి ఉంది. నాలుగు వేళ్లు. బొటనవేలు అరచేతిలోకి మడిచి, భుజం తిన్నగా పైకి లేపి, టీచర్ కళ్లలోకి చూస్తూ నిలబడింది. దాని వెనక ఇంకో చెయ్యి లేచింది, ఆ పక్కన ఇంకోటి. వరుసంతా లేచింది. తొమ్మిదో తరగతిలోంచి కూడా కొన్ని లేచాయి. అన్నీ నాలుగు వేళ్లే.

పూర్ణిమకు సిగ్గుతో తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది. అదే క్షణంలో, ఆ పిల్లల్ని ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. తన మెడకున్న గుదికొయ్య ఇన్నాళ్లూ ఎవరికీ కనపడదనుకుంది. ఇదిగో, ఇంతమందికి కనపడుతోంది.

విమానం పోయింది. చేతులు దిగలేదు.

"ఏందది? చేతులెందుకు లేపిర్రు?" నవీన్‌కుమార్ మైకు లాక్కున్నాడు. "ఏయ్, నువ్వు చెప్పు."

సంతోషి చెయ్యి దించి, చేతులు కట్టుకుని, బహు వినయంగా అంది. "టీచర్ చదివింది మంచిగ సమజైంది సార్. సమజైతే గిట్ల లేపుతం సార్."

ఒక్క ముక్క అబద్ధం లేదు. ఎవరితో మాట్లాడుతున్నదో, ఆయన ఏం వినాలనుకుంటున్నాడో, దేన్ని చెప్పకుండా దాటెయ్యాలో, అన్నీ చూసుకుని చెప్పింది ఆ పిల్ల. తరగతిలో అయితే పూర్ణిమ ఎగిరి గంతేసేది.

నవీన్‌కుమార్ మొహం విప్పారింది. తల్లిదండ్రుల వైపు తిరిగి నవ్వాడు. "చూసిర్రా, పిల్లలకు గూడ సమజైంది. సప్పట్లు కొట్టుర్రి మరి."

చప్పట్లు కొట్టారు. పూర్ణిమ మిగిలిన వాక్యం కూడా చదివింది. సంస్థ పేరు నిలబెడతానని అందులో ఉంది. చదివి, కాగితం మడిచి ఇచ్చేసింది.

ఆఫీసు గదిలో నవీన్‌కుమార్ బీరువా తెరిచాడు. అందులో ఎన్నో పసుపుపచ్చ కవర్లు, ఒకదాని మీద ఒకటి. లెక్కల సారుది, తెలుగు టీచరుది, ఇంకా ఎవరెవరివో. కింది అరలో పిల్లలు పాత బళ్ల నుంచి తెచ్చిన టీసీల కట్టలు. ఆయన వెతికి ఆమె కవరు తీసి, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఇచ్చాడు.

"మనసుల పెట్టుకోకుర్రి టీచర్. జర అప్పుడప్పుడు వచ్చి పోతుండుర్రి. ఇయ్యాల క్లాసు వద్దు, ఇట్లనే ఇంటికి పోయి తయారు చేసుకోండ్రి."

"సార్, సంతోషి టీసీ..." అంది పూర్ణిమ.

"ఫీజు కట్టంగనే ఇస్తం గద" అని ఆయన బీరువా మూశాడు.

ఆమె అక్కడ ఇంకొంచెం సేపు నిలబడి ఉండాల్సింది. గట్టిగా అడగాల్సింది. కానీ కవరు చేతికొచ్చిన మనిషికి కాళ్లు ఆగలేదు, అవి తలుపు వైపే లాగాయి. ఎక్కడ మళ్లీ వెనక్కి పుచ్చుకుంటాడోనని కవరును కొంగు కింద పెట్టుకుని వరండా దాటింది. మెమో మీది అక్షరాలు చూసుకోవడానికి కూడా భయపడింది.

పిల్లలు వరుసగా మెట్లెక్కి తరగతులకు పోతున్నారు. మొదటి పీరియడ్ సోషలే. టీచర్ పైకి వస్తుందనే అనుకుంటున్నారు. పూర్ణిమ గేటు దగ్గర వెనక్కి తిరిగింది. నవీన్‌కుమార్ ఆఫీసు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మాట ఇచ్చింది, చెప్పకూడదు. చెప్పినా వినబడదు, ఎందుకంటే ఇంకో విమానం వస్తోంది.

విమానం నెత్తిమీదికి వచ్చినప్పుడు పూర్ణిమ చెయ్యెత్తింది. నాలుగు వేళ్లు.

మెట్ల మీద సంతోషి ఆగింది. వెనక పిల్లలు తోస్తున్నా కదలలేదు. టీచర్ చేతిని చూసింది, కొంగు కింద ఎత్తుగా ఉన్న కవరును చూసింది, గేటుకు అవతల ఆగి ఉన్న చందు క్యాబును చూసింది. పిట్టగోడ పట్టుకుని, మోత తగ్గేదాకా అలాగే నిలబడింది. తర్వాత ఆఫీసు గుమ్మంలో ఎవరున్నారన్నది కూడా పట్టించుకోకుండా, బడంతా వినబడేలా అరిచింది.

"మంచిగ పోయిరా టీచర్!"